సున్నా నొక్కితే నేను

గ్రిమ్స్‌బీ ఆసుపత్రిలో ఏ ఫోన్‌లో సున్నా నొక్కినా
పలికేది నేనే.
నేలమాళిగలో గది, కిటికీ లేదు,
ఇరవై రెండేళ్లుగా రాత్రి డ్యూటీ.
డాక్టర్ల మొహాలు నాకు తెలియవు,
గొంతులు తెలుసు.
ఎవరు కునుకులోంచి లేచి మాట్లాడుతున్నారో
ఎవరు ఏడుపు మింగి మాట్లాడుతున్నారో
మొదటి హలోకే పట్టేస్తాను.

ఆగస్టు మొదటి బుధవారం కొత్తవాళ్లు దిగుతారు.
ఆ రాత్రి నేను రెండు ఫ్లాస్కుల టీ తెచ్చుకుంటాను.

ఆ ఏడు దిగిన గొంతుల్లో ఒకటి
ఎప్పుడూ "క్షమించండి"తో మొదలయ్యేది.
క్షమించండి, ఎక్స్-రే వాళ్ల నంబరు కావాలి.
క్షమించండి, మందుల బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది?
క్షమించండి, ఏడో వార్డులో ఒక తాత
పెన్నీ ఖర్చు పెట్టి రావాలంటున్నాడు,
కింద దుకాణం మూసేశారని చెప్పాను,
వినకుండా మంచం దిగిపోతున్నాడు.

"ఒంటేలు, బాతూ, ఒంటేలు!
సీసా ఇప్పించు, త్వరగా."
అవతల కాసేపు నిశ్శబ్దం.
తర్వాత, చాలా మర్యాదగా:
"బాతు ఎవరు?"

మా ఊళ్లో ఆప్యాయంగా అలాగే పిలుస్తామని చెప్పాను.
నవ్వింది.
ఆ నవ్వు వయసు ఆ క్షమాపణల వయసుకంటే
చాలా పెద్దది.

పేరు ఇఖ్లాస్. ఊరు వద్ మదని, నైలు ఒడ్డు.
అక్కడ పదకొండేళ్లు ఎమర్జెన్సీ చూసిందట,
కరెంటు పోతే ఫోన్ లైటు
పళ్ల మధ్య కరిచిపట్టి కుట్లు వేసిందట.
ఇక్కడ మెడలో కార్డు మీద మాత్రం: జూనియర్.

బ్యాంకువాళ్లు ఇంటి చిరునామా అడిగారట,
ఇల్లిచ్చేవాళ్లు బ్యాంకు ఖాతా అడిగారట.
ఈ ముడి విప్పే నంబరు నా పుస్తకంలో లేదు.
పోర్టర్ క్లైవ్ అత్తగారి మేడ గది ఖాళీ అని
తెల్లారుజామున గుర్తొచ్చింది.
ఆవిడకి చెవుడు, బేరం ఆడదు.

నవంబరులో ఒక రాత్రి, మూడున్నర.
బయట మంచు ఎంత కమ్మిందో
అంబులెన్సులవాళ్ల దగ్గుల్ని బట్టి తెలుస్తోంది.
"క్షమించండి..."
అని ఆగిపోయింది.
పేషెంటు రక్తం కక్కుతున్నాడు.
పెండల్ గారు ఇంట్లో నిద్రలో ఉన్నారు.
లేపవచ్చా?
మా దగ్గర పెద్దాయన్ని లేపితే
తెల్లారి నలుగురి ముందూ నిలబెట్టి అడుగుతారు.

నేను డాక్టర్ని కాను.
చదువు పదో తరగతి, అదీ అత్తెసరు మార్కులు.
కానీ పెండల్ నిద్ర నాకు తెలిసినంతగా
ఆయన పెళ్లానికి కూడా తెలియదు.

"లేవడానికే ఆయనకి జీతం, బాతూ.
విసుక్కుంటాడు, అది గొంతు తీరు, నీ మీద కాదు.
నువ్వెవరో చెప్పు. ఎక్కడున్నావో చెప్పు.
ఏమైందో, ఆయన ఏం చెయ్యాలో చెప్పు.
ఆ క్షమించండిని నా దగ్గర వదిలెయ్,
ఇక్కడ సొరుగులో చోటుంది."

లైను కలిపాను.
కలిపాక వినకూడదు, రూలు.
విన్నాను.

"డాక్టర్ ఇఖ్లాస్. ఏడో వార్డు.
రక్తం ఆగడం లేదు. మీరు రావాలి."
అవతల మంచం కిర్రుమంది.

ఆ పేషెంటు ఏమయ్యాడో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.
ఈ కుర్చీలోకి కథల మొదళ్లే వస్తాయి,
చివరలు మెట్లెక్కి ఎటో పోతాయి.

మొన్న జూన్‌లో జీతం లెక్క తేడా వచ్చి
పట్టపగలు పైకెళ్లాను, కళ్లు చికిలించుకుంటూ.
క్యాంటీన్‌లో చేపముక్క చల్లారబెట్టుకుంటున్నాను.
వెనక బల్ల నుంచి ఎవరో:
"ఆ ఉప్పు ఇలా ఇస్తావా?"

ముందు ఏ క్షమాపణా లేదు.
వెనక్కి తిరగబోయి ఆగాను.
ఇరవై రెండేళ్ల అలవాటు,
ఒక మొహం కోసం ఇప్పుడెందుకు చెడగొట్టుకోవడం.
చెయ్యి మాత్రం వెనక్కి చాచాను.

ఉప్పు బుడ్డి అందుకుంటూ
"థాంక్స్, బాతూ" అంది.